కెమెరా చూడని గదులు

"ఆ గేముకి జేమ్స్ బాండ్ పేరు లేకపోయినా మేం అంతే ఆడేవాళ్లం. నాలుగు కంట్రోలర్లు, ఒక సోఫా ఉంటే చాలు." లెస్టర్‌లో పుట్టి పెరిగిన మా ఆఫీసు కొలీగ్ ఒకతను లంచ్ టైములో గోల్డెన్‌ఐ గురించి అన్న మాట ఇది. అదే పేరున్న జేమ్స్ బాండ్ సినిమా ఆధారంగా 1997లో నింటెండో 64 అనే కన్సోల్ మీద వచ్చిన ఆ గేమంటే అతనికి చిన్నతనం, వర్షం పడే శనివారాలు, అన్నదమ్ముల కొట్లాటలు. నాకు అవేవీ లేవు. ఆ వయసులో నాకు నింటెండో 64 అనేది ఒకటుందనే తెలీదు. మరికొన్నేళ్లకి గుంటూరు నెట్ సెంటర్లో గంటల లెక్కన డబ్బులిచ్చి ఐజీఐ అనే తుపాకుల గేము ఆడిన బ్యాచ్ మాది. గోల్డెన్‌ఐ 2023 జనవరిలో ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్‌లోకి వచ్చాకే, ఇక్కడ ఇంగ్లండ్‌లో, నేను దాన్ని మొదటిసారి ఆడాను. అదీ ఒక్కణ్ణే.

కాబట్టి పాత రోజుల మీద మమకారంతో ఈ గేముని మెచ్చుకునే అవకాశం నాకు లేదు. గ్రాఫిక్స్ చూస్తే నవ్వొచ్చింది కూడా. మనుషుల చేతులు చెక్కముక్కల్లా ఉంటాయి. అయినా రాత్రి పడుకోబోయే ముందు ఇంకొక్క లెవెల్ అనుకుంటూ కూర్చున్నాను. ఎందుకిలా కూర్చోబెట్టింది అని ఆలోచిస్తూ పోతే, కొలీగ్ మాటకి సరిగ్గా ఎదురు వాదన ఒకటి తయారైంది. ఈ గేము సినిమాకి చాలా రుణపడి ఉంది. అయితే ఆ రుణం కథకి సంబంధించింది కాదు. కథని చాలాచోట్ల గాలికొదిలేసి, సినిమా సెట్టుల్ని ఎత్తుకొచ్చుకున్నారు. సినిమా నుంచి గేము తీసేవాళ్లు ఇన్నేళ్లుగా దీనికి తలకిందులుగా చేస్తున్నారు, అందుకే ఆ గేములు అలా ఉంటున్నాయి అనేది నా అనుమానం.

సెవెర్నాయాకి బాండ్ ఎప్పుడు వెళ్లాడు?

సినిమా గుర్తున్నవాళ్లు ఒకసారి ఆలోచించండి. సైబీరియా మంచులో ఉండే సెవెర్నాయా కేంద్రంలో నటాల్యా, బోరిస్ అనే ప్రోగ్రామర్లు పనిచేస్తుంటారు. విలన్ వైపు మనిషి జీనియా అక్కడికొచ్చి అందరినీ కాల్చేస్తుంది. బాండ్ ఇదంతా లండన్‌లో, తెర మీద, శాటిలైట్ బొమ్మల్లో చూస్తాడు. సినిమా మొత్తంలో అక్కడ కాలు పెట్టడు.

గేములో ఉన్న 18 ప్రధాన లెవెల్స్‌లో నాలుగు సెవెర్నాయావే. ఒకసారి మంచులో నడిచి బంకర్‌లోకి దిగుతాం, కథలో కొన్నేళ్లు గడిచాక మళ్లీ అదే మంచు, అదే బంకర్. రెండోసారి బాండ్‌ని నటాల్యాతో పాటు అక్కడే జైల్లో పెట్టి ఉంటారు. కిర్గిజ్‌స్థాన్‌లో ఒక మిసైల్ సైలో లెవెల్ ఉంది, సినిమాలో అలాంటి చోటే లేదు. మొదటి సీనులో ఆనకట్ట మీంచి దూకడం చూడండి. స్విట్జర్లాండ్‌లో వెర్జాస్కా నది మీదున్న 220 మీటర్ల కోంట్రా డ్యామ్ మీద తీసిన షాట్ అది. సినిమాలో బాండ్ డ్యామ్ మీద పరుగెత్తుకుంటూ వస్తాడు, కాలికి తాడు తగిలించుకుంటాడు, దూకుతాడు. గేములో ఆ దూకుడు లెవెల్ చివర్న వస్తుంది. దానికి ముందు ఒక సొరంగం, ఒక ట్రక్కు, గేట్లు, వాచ్‌టవర్లు, స్నైపర్ రైఫిల్ ఉన్నాయి. ఇవన్నీ గేము చేసినవాళ్లు కట్టుకున్నవే.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ టాయిలెట్. ఫ్యాక్టరీలోకి దూరేటప్పుడు సినిమాలో బాండ్ కప్పులోంచి తలకిందులుగా వేలాడుతూ, పేపరు చదువుకుంటూ కూర్చున్న ఒక గార్డుని గుద్దుతాడు. ఒక జోకు, కొన్ని క్షణాలు, అయిపోయింది. గేములో అదే చోట మనం డక్ట్‌లో పాక్కుంటూ వచ్చి కిందికి దిగితే, వరసగా తలుపులున్న ఒక పూర్తి బాత్రూమ్ ఉంటుంది. బయటికెళ్లే దారి ఉంటుంది, మెట్లుంటాయి, ఆ మెట్ల దగ్గర మనుషులుంటారు. సినిమా ఒక పంచ్ వేసి వదిలేసిన చోట వీళ్లు తాపీగా కూర్చుని బిల్డింగ్ ప్లాను గీశారు.

లీవ్స్‌డెన్

ఇండియా నుంచి ఎవరొచ్చినా మనవాళ్లు హ్యారీ పాటర్ స్టూడియో టూరుకి తీసుకెళ్తారు కదా, లండన్‌కి ఎగువన వాట్‌ఫర్డ్ దగ్గర. ఆ లీవ్స్‌డెన్ స్టూడియో మొదట సినిమా స్టూడియో కాదు, రోల్స్‌రాయిస్ వాళ్లు విమాన ఇంజన్లు చేసే ఫ్యాక్టరీ. 1990ల మధ్యలో గోల్డెన్‌ఐ సినిమా కోసమే దాన్ని స్టూడియోగా మార్చారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ వీధుల్లో ట్యాంకు గోడల్ని కూల్చుకుంటూ పోయే సీన్లకి కావలసిన వీధుల్ని చాలావరకు అక్కడే సెట్టుగా వేశారు.

గేము చేసిన కంపెనీ పేరు రేర్. లెస్టర్‌షైర్‌లో ట్వైక్రాస్ అనే చిన్న ఊరు వాళ్లది. జూ తప్ప ఇంకేమీ లేని ఊరు, మేమూ జూకే వెళ్లాం. మార్టిన్ హోలిస్ నాయకత్వంలో పట్టుమని పది మంది టీము. వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు గేము చేసిన అనుభవమే లేదు. ఈ టీము సినిమా షూటింగ్ జరుగుతున్న రోజుల్లో సెట్టుల మీదికి వెళ్లి ఫొటోలు తీసుకుంది, ప్లాను కాగితాలు తెచ్చుకుంది.

సెట్టుకి ఒక గుణం ఉంది. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు: ముందు నుంచి రైల్వే స్టేషన్, వెనక్కి వెళ్తే వెదుళ్లు, ప్లైవుడ్. కెమెరా ఎటు చూస్తుందో అటువైపే గోడ ఉంటుంది. రేర్ వాళ్లు మొదట అనుకున్న గేముకి ఇది సమస్యే కాదు. ఆర్కేడ్‌లో వచ్చిన వర్చువా కాప్ లాగా, పట్టాల మీద వెళ్తున్నట్టు గేమే మనల్ని ముందుకి నడిపిస్తుంటే, ఎదురొచ్చినవాళ్లని కాల్చడమే అప్పటి ఆలోచన. అంటే కెమెరా వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ ఆలోచన మానుకుని ఆటగాణ్ణి స్వేచ్ఛగా తిరగనిచ్చిన రోజున వాళ్ల ముందు కొత్త పని వచ్చి పడింది. సెట్టుకి వెనకవైపు కూడా కట్టాలి. ఈ తలుపు తీస్తే ఏ గది? ఆ గదిలోంచి ఎటు వెళ్లొచ్చు? సినిమా ఈ ప్రశ్నలకి జవాబు చెప్పదు.

హోలిస్ తర్వాత 2004లో ఒక ప్రసంగంలో వివరించిన పద్ధతి వింటే ఇప్పటి డిజైనర్లు గుండె పట్టుకుంటారు. ముందు బిల్డింగులు కట్టేశారు. ఆటగాడు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ముగించాలి, అక్కడ చేయాల్సిన పనేమిటి అన్నవి చాలావరకు తర్వాత ఆలోచించుకున్నారు. అందుకని పనికిరాని గదులు మిగిలిపోయాయి, ఒకే చోటికి రెండు మూడు దారులు ఏర్పడ్డాయి.

మాస్టర్స్ చదవడానికొచ్చిన మా మేనకోడలు వారాంతాల్లో మా ఇంటికొస్తుంటుంది. ఒకరోజు బంకర్ లెవెల్ తను ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఒక గదిలోకి వెళ్లింది, అంతా వెతికింది, బయటికొచ్చింది.

"మావయ్యా, ఇందులో ఏముంది?"

"ఏమీ లేదు."

"మరి ఎందుకు పెట్టారు?"

"బంకర్ అన్నాక గదులుండవా?"

తనకి ఈ జవాబు నచ్చలేదు. తప్పు తనది కాదు. తను ఆడుతూ పెరిగిన గేముల్లో తలుపు తెరుచుకుందంటే లోపల మందో, తుపాకీగుళ్లో, కథ తాలూకు ఉత్తరమో ఉండి తీరాలి. ఎక్కాల్సిన నిచ్చెనకి పసుపు రంగు పూసి ఉండాలి. మ్యాపులో బాణం గుర్తుండాలి. అంత మర్యాదగా చేయి పట్టుకుని నడిపిస్తే చోటు చోటులా అనిపించదు, క్యూ లైనులా అనిపిస్తుంది. గోల్డెన్‌ఐ బంకర్‌లో నేను దారి తప్పాను. దారి తప్పగలిగితేనే అది ఒక చోటు అని నాకనిపిస్తుంది.

ఆబ్జెక్టివ్‌ల సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. కష్టం పెంచాలంటే చాలా గేములు శత్రువుల ప్రాణం పెంచి ఊరుకుంటాయి. ఇక్కడ అన్నిటికంటే తేలికైన ఏజెంట్ స్థాయిలో డ్యామ్ మీంచి దూకితే సరిపోతుంది. సీక్రెట్ ఏజెంట్‌లో అలారాలు కూడా పగలగొట్టాలి. డబుల్‌ఓ ఏజెంట్‌లో మోడెమ్ బిగించాలి, డేటా కాజేయాలి. నింటెండో వాళ్ల మారియో 64 గేములో ఒకే చోట వేర్వేరు పనులు పెట్టిన తీరు చూసి తెచ్చుకున్న ఆలోచన ఇది. మొదటిసారి ఖాళీ అనుకుని దాటిపోయిన గదికి మూడోసారి పని పడుతుంది. చోటు ముందు కట్టుకున్నారు గనకే ఇలా చేయగలిగారు. సైలెన్సర్ లేని తుపాకీ పేలిస్తే పక్క గదుల్లోంచి గార్డులు పరుగెత్తుకు రావడం కూడా గోడలకీ, దూరాలకీ అర్థం ఉందని గుర్తు చేస్తుంటుంది. ఐజీఐ ఆడినవాళ్లకి ఈ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు. మంచు, కంచెలు, టవర్లు, అలారం మోగగానే తలపట్టుకోవడం, అన్నీ మనకి తెలిసినవే.

ఆలస్యం

సినిమా 1995 నవంబర్‌లో వచ్చింది. గేము 1997 ఆగస్టులో వచ్చింది. అప్పటికి తర్వాతి బాండ్ సినిమా ఆ డిసెంబర్‌లో విడుదలకి సిద్ధమవుతోంది. మార్కెటింగ్ వాళ్ల లెక్కలో ఇది ఘోరం. మన దగ్గరా పెద్ద సినిమా వస్తోందంటే విడుదల వారానికి ఒక మొబైల్ గేము దింపుతారు, నెల తిరిగేసరికి అది ఫోనులో ఉండదు. ఈ తొందర పాతదే. 1982లో అటారీ కంపెనీ కోసం ఈటీ సినిమా మీద గేముని ఒక్క మనిషి దాదాపు ఐదు వారాల్లో చేయాల్సొచ్చింది, క్రిస్మస్ అమ్మకాల కోసం. అది ఎంత ఘోరంగా ఫెయిలైందో గేములు ఆడేవాళ్లలో తెలియనివాళ్లు లేరు.

గోల్డెన్‌ఐ ఆలస్యానికి కళా తపన కారణమని నేననను. అసలు మెషీనే తయారు కాలేదు. నింటెండో 64 బయటికొచ్చిందే 1996లో. అప్పటిదాకా రేర్ వాళ్లు సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ల మీద ఊహతో పనిచేశారు, కంట్రోలర్ బదులు సెగా శాటర్న్ కంట్రోలర్‌ని మార్చి వాడుకున్నారు. కానీ ఆ ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది. గేము వచ్చేసరికి సినిమా హడావుడి చల్లారిపోయింది. సినిమాకి ప్రచారం చేసే బాధ్యత గేము మీద లేదు. కథ చెప్పాల్సిన అవసరమూ తగ్గింది, చూడాల్సినవాళ్లు ఎప్పుడో చూసేశారు. ఇది నా ఊహే. కానీ ఆ నవంబర్ గడువు మెడ మీద ఉండి ఉంటే, పట్టాల మీద నడిచే గేమే వచ్చేదని గట్టిగా అనిపిస్తుంది.

కొలీగ్ ఊరుకుంటాడా

ఇదంతా విని అతను ఒకే ముక్క అన్నాడు. "నేను ఆ కథ మోడ్ పూర్తి చేయనే లేదు."

ఇది బలమైన దెబ్బే. 80 లక్షలకి పైగా కాపీలు అమ్ముడైన గేము ఇది, వాటిలో ఎన్నో నలుగురు కలిసి ఆడటం కోసమే కొన్నవి అయి ఉంటాయి. ఆ నలుగురి మోడ్ ముందు ప్లానులో లేదు. చివరి నెలల్లో టీములోని స్టీవ్ ఎలిస్ కూర్చుని రాశాడు. తెరని నాలుగు ముక్కలు చేస్తే పక్కవాడి ముక్కలోకి తొంగిచూడకుండా ఎవరుంటారు? దాని మీద కొట్లాటలు, అలకలు. మల్టీప్లేయర్ కోసమే విడిగా కట్టిన టెంపుల్, కాంప్లెక్స్ లాంటి మ్యాపులకి సినిమాతో సంబంధమే లేదు. వాటినీ జనం అంతే ఇష్టపడ్డారు. మరి నీ సెట్టు సిద్ధాంతం ఏమైంది అంటే సగం ఓటమి ఒప్పుకోక తప్పదు.

మిగతా సగం మాత్రం వదలను. అదే కొలీగ్ కాసేపయ్యాక తనంతట తనే ఆడ్‌జాబ్ గొడవ ఎత్తాడు. ఆడ్‌జాబ్ ఈ సినిమా వాడే కాదు, 1964 నాటి గోల్డ్‌ఫింగర్‌లో టోపీ విసిరి చంపే విలన్ మనిషి. గేములో వాణ్ణి పొట్టిగా చేశారు, మామూలు ఎత్తులో కాలిస్తే గుళ్లు తల మీంచి పోతాయి. అందుకని వాణ్ణి తీసుకోవడం మోసం అని ఇళ్లలో రూల్ పెట్టుకున్నారు. అతని తమ్ముడు ప్రతిసారీ వాణ్ణే తీసుకునేవాడట, పాతికేళ్లు దాటినా ఆ కోపం తగ్గలేదు. పేరు, మొహం లేని పొట్టి బొమ్మయితే ఈ కోపం ఇన్నేళ్లు నిలిచేదా? అతనింకా ఎక్కువ తలుచుకునే మ్యాపు ఏదంటే ఫెసిలిటీ, అదే టాయిలెట్ ఉన్న చోటు. బాండ్ పేరు అక్కర్లేదన్నవాడి నోట్లోంచి వస్తున్నవన్నీ బాండ్ సామాన్లే.

నా వాదనకి ఇంకో దెబ్బ ఉంది, అది నేనే వేసుకుంటాను. సినిమా సీనుని దాదాపు ఉన్నదున్నట్టు తీసుకున్న లెవెల్ ఒకటి అద్భుతంగా ఉంది. రైల్లో నటాల్యా కంప్యూటర్ ముందు కూర్చుని బోరిస్ ఎక్కడున్నాడో వెతుకుతుంటే, బాండ్ వాచీలోని లేజర్‌తో నేలని కోయాలి, టైము తరుగుతుంటుంది. గేములోనూ అంతే, చేతులు చెమటలు పట్టాయి. అలాగని మళ్లీ నటాల్యా కంప్యూటర్ ముందు కూర్చుని, మనం కాపలా కాయాల్సిన కంట్రోల్ లెవెల్ ఉందే, అది నరకం. గార్డులు వస్తూనే ఉంటారు, ఆవిడ తూటాకి అడ్డమొస్తూనే ఉంటుంది. కథ ప్రకారం ఆవిడ బతకాలి కాబట్టి మనం ఓడిపోతాం. రైల్లో కథ గెలిచింది ఎందుకంటే అక్కడ మనకో ఇరుకు పెట్టె, కోయడానికో నేల ఉన్నాయి. ఇలా అన్నీ నా వైపే తిప్పుకుంటున్నానని మీకనిపిస్తే, అనిపించనివ్వండి.

బయటి మంచు లెవెల్స్ నాకు విసుగు. పొగమంచు, దిక్కు తెలియని తెల్లదనం, అక్కడో గుడిసె ఇక్కడో గుడిసె. సినిమాలో సెవెర్నాయా బయటి దృశ్యాలు చాలావరకు ఎఫెక్ట్స్ నిపుణుడు డెరెక్ మెడింగ్స్ చేసిన మినియేచర్లు, అంటే చిన్న సైజు నమూనాలు. లోపలికెళ్లి ఫొటో తీసుకోవడానికి, కొలతలు తెచ్చుకోవడానికి అక్కడ సెట్టు లేదు. ఇది కూడా నా లెక్కకి భలే కుదిరింది అనుకునేలోపు క్రేడిల్ లెవెల్ గుర్తొస్తుంది. ప్యూర్టోరికోలోని అరెసీబో టెలిస్కోప్ పైన, గాల్లో వేలాడే ఇరుకు దారుల్లో విలన్ ట్రెవెల్యాన్‌ని తరమడం. సినిమాలో అక్కడా మినియేచర్లు వాడారు. అయినా గేములో అది బ్రహ్మాండం. అసలు టెలిస్కోప్ 2020 డిసెంబర్‌లో కూలిపోయింది. ఆ ఇనప దారుల మీద పరుగెత్తాలంటే ఇక మిగిలింది ఈ చెక్కముక్కల చేతుల గేమే.

కంట్రోల్స్ గురించి ఎక్కువ చెప్పను. నింటెండో 64 కంట్రోలర్‌కి ఒకటే స్టిక్, నేను ఆడింది రెండు స్టిక్కులతో. పాతదాన్ని కొలీగ్ ఇంట్లో ఓసారి పట్టుకున్నాను. నడవడమే ఒక విద్య.

మియామోతో ఫ్యాక్స్

ఒక ఇబ్బంది మాత్రం సెట్టులకీ కథకీ అందదు. ఈ గేములో గార్డులు తమనెవరూ చూడట్లేదన్నట్టు నిలబడి దోమలు తోలుకుంటారు, తుమ్ముతారు. వాళ్ల మొహాలు రేర్ ఉద్యోగులవే, ఫొటోలు తీసి బొమ్మలకి అతికించారు. ఫెసిలిటీలో మనకి సాయం చేసే డాక్టర్ డోక్ పేరు కూడా టీములోని డేవిడ్ డోక్‌దే. తుమ్ముతున్న మనిషిని వెనకనుంచి కాల్చడం ఉంది చూశారూ, సినిమాలో ఎడిటర్ మనల్ని అక్కడ ఆగనివ్వడు. గేములో ఆగి చూస్తాం. చోటు నిజమనిపిస్తే అందులోని మనుషులూ కాస్త నిజమనిపిస్తారు, దాన్ని తప్పించుకోలేం. సైంటిస్టుల్ని చంపకూడదని రూలుంది, వీధుల్లో జనాన్ని చంపకూడదని రూలుంది. గార్డుల కోసం ఏ రూలూ లేదు.

మారియో సృష్టికర్త మియామోతోకి ఇది అప్పుడే గుచ్చుకుంది. గేము పూర్తికావస్తుండగా నింటెండో నుంచి ఆయన సూచనలతో ఒక ఫ్యాక్స్ వచ్చిందని హోలిస్ 2015లో నాటింగ్‌హామ్‌లో జరిగిన గేమ్‌సిటీ ఉత్సవంలో చెప్పాడు. మరీ దగ్గర్నుంచి చంపడం ఎక్కువైంది, మొత్తం విషాదంగా ఉంది అన్నది అందులో ఒక అభ్యంతరం. చివర్లో ఆటగాడు ఆసుపత్రికి వెళ్లి తను కాల్చిన శత్రువులందరితో చేతులు కలిపితే బావుంటుందన్నది ఒక సలహా. హోలిస్ అంత దూరం వెళ్లలేదు. కానీ సినిమా టైటిల్స్‌లో నటుల్ని చూపించినట్టు పాత్రలన్నిటినీ వరసగా పరిచయం చేసే ముగింపు పెట్టాడు. ఇదంతా నటనే, ఎవరూ చావలేదు అని చెప్పే ఉపాయం.

ఈ ఫ్యాక్స్ సంగతి మేనకోడలికి చెప్తే పడీ పడీ నవ్వింది.

"నేనైతే ఆ ఆసుపత్రి లెవెల్ ఆడేదాన్ని మావయ్యా. ఎందుకు పెట్టలేదట?"

"సినిమాలో ఆసుపత్రి సెట్టు వెయ్యలేదుగా," అన్నాను.

"సైలో సెట్టు వేశారా?" అని అడిగింది.